మోకు పట్టిన సుంకులక్క

ఎప్పటి మాటో చెప్పినవాళ్ళకు తెలియదు, విన్నవాళ్ళు అడగలేదు. ఏళ్ళు లెక్కపెట్టడం రాని కాలం అనుకోండి. ఆ కాలంలో ఏరు పారని సీమ ఒకటి ఉండేది. అక్కడ నీళ్ళు ఆకాశం నుంచి ఎప్పుడో గానీ రావు, నేల మీద నిలవవు. ఉంటే గింటే నేల కడుపులో ఉంటాయి. ఆ కడుపులోంచి నీళ్ళు తెచ్చి ఊళ్ళకు పోసేవాళ్ళు బావులు తవ్వేవాళ్ళు.

వాళ్ళు మూడు గుంపులు. ఎర్రనేలలో తవ్వేది ఒక గుంపు. నల్లరేగడిలో తవ్వేది ఒక గుంపు. ఎండిన వంకల పక్కన ఇసుకనేలలో తవ్వేది ఒక గుంపు. ఎవరి నేల వాళ్ళకు తెలుసు. ఎవరికి తెలిసింది వాళ్ళు మొలలో దోపుకున్నట్టు దాచుకునేవాళ్ళు. కొడుక్కు చెప్పేవాళ్ళు, అల్లుడికి చెప్పేవాళ్ళు కాదు.

ఎర్రనేల గుంపుకు పెద్ద కదిరప్ప మేస్త్రి. నలభై ఏళ్ళు బావులు తవ్విన మనిషి. ఆయన చెయ్యి పెట్టిన చోట జల పడుతుందని మూడు గుంపులవాళ్ళూ ఒప్పుకునేవాళ్ళు. ఎవరైనా కిటుకు అడిగితే ఆయనది ఒకటే మాట. "చెప్పిన పనితనం చిల్లికుండ."

ఇసుకనేల గుంపులో మద్దిలేటి అని ఒకడు, వాడి పెళ్ళాం సుంకులు. పొట్టి మనిషి, పలచటి మనిషి. మద్దిలేటి బావిలో తవ్వితే సుంకులు గట్టు మీద మోకు పట్టేది. లావుపాటి తాడునే మోకు అంటారు. గిలక మీదుగా ఆ మోకు దిగుతుంది. మనిషిని దింపేది అదే, మట్టితట్టను పైకి తెచ్చేది అదే. తట్ట ఎంత బరువుందో, కింద మనిషి ఎంత అలిసిపోయాడో మోకు పట్టుకుంటే సుంకులుకు తెలిసేది. లాగు అనకముందే లాగేది. ఆపు అనకముందే ఆపేది.

ఒక ఏడు ఎండాకాలంలో ఆ గుంపు ఒక కొత్త బావి మొదలుపెట్టింది. పైన ఎర్రమట్టి, కింద ఇసుక. ఒకనాడు పొద్దున మద్దిలేటిని దింపుతూ సుంకులు బావి గోడ వైపు చూసింది. సగం లోతులో వెంట్రుకంత పగులు ఉంది. అందులోంచి చీమలు వరసకట్టి బయటికి వస్తున్నాయి. ఒక్కొక్క చీమ నోట ఒక్కొక్క తెల్లటి గుడ్డు. వాన వస్తుందేమో అనుకుంది సుంకులు. మోకు వదిలింది.

పొద్దు నడినెత్తికి రాకముందే ఆ గోడ విరిగి పడింది. సుంకులు చేతిలో మోకు ఒక్కసారి బిగిసింది. తర్వాత వదులైంది.

మూడు రోజులు తవ్వితే మద్దిలేటి దొరికాడు. దొరికాడంతే.

మూడు వారాలు పోయాక సుంకులు సంతకు వెళ్ళింది. అక్కడ పుల్లన్న కనిపించాడు. కదిరప్ప గుంపులో పనిచేసే మీసాల మనిషి, మెత్తనివాడు. పలకరిద్దామని వచ్చి, ఏం మాట్లాడాలో తెలియక, మనసులో ఉన్నది చెప్పేశాడు. అంతకు నెల ముందు కదిరప్ప తవ్విస్తున్న బావిలోనూ గోడ పడిందట. ఇద్దరికి కాళ్ళు విరిగాయట. పడే ముందు పగులులోంచి చీమలు గుడ్లు మోసుకుని బయటికి వచ్చాయట. పగులు లోపల పెరుగుతుంటే మనిషికంటే ముందు చీమకు తెలుస్తుందని కదిరప్పే ఆనాడు వాళ్ళతో అన్నాడట.

మరి ఎవరికీ ఎందుకు చెప్పలేదని సుంకులు అడిగింది. మేస్త్రి వద్దన్నాడని పుల్లన్న తల దించుకున్నాడు. తన బావి కూలిందని తెలిస్తే తన పేరు పోతుందని ఆయన భయం.

సుంకులు ఏడవలేదు, తిట్టలేదు. ఉప్పు అమ్మేవాడి పక్కన నేల మీద కూర్చుండిపోయింది. ఆమెకు కదిరప్ప గుర్తుకు రావడం లేదు. తెల్లటి గుడ్లు గుర్తుకు వస్తున్నాయి. తాను చూసింది. తెలియక ఊరుకుంది. చూశానన్న మాట గొంతు దాకా వచ్చింది. దాన్ని మింగేసింది.

సంత చివర మౌనాచారి కొలిమి ఉండేది. గడ్డపార మొన అరిగితే మూడు గుంపులవాళ్ళూ అక్కడికే రావాలి. వచ్చినవాళ్ళు వంతు కోసం పొద్దు వాలేదాకా కూర్చోవాలి. ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు కాదు. బీడీ తాగేవాళ్ళు, గొణిగేవాళ్ళు, వంతు రాగానే పోయేవాళ్ళు. సుంకులు మౌనాచారి దగ్గరికి వెళ్ళి తిత్తి ఊదే పని అడిగింది. ఆయన పేరుకు తగ్గ మనిషి. పక్కకు జరిగి తిత్తి చూపించాడు.

మొదటి వారం సుంకులు తిత్తి ఊదుతూ అందరికీ వినబడేట్టు చెప్పింది. పగులులోంచి చీమలు గుడ్లతో బయటికొస్తే ఆ బావిలో దిగొద్దు, ఆ గోడ పడుతుంది. అందరూ బీడీలు తాగుతూనే ఉన్నారు.

రెండో వారం మళ్ళీ అదే చెప్పింది. ఒకడు నవ్వాడు.

మూడో వారం చెప్పేసరికి నల్లరేగడి గుంపు పెద్ద నరసప్ప బీడీ పారేశాడు. ముసలాయన. తన తమ్ముడు పోయింది గోడ పడి కాదని చెప్పాడు. పాడుబావిలో చెడ్డగాలి ఉంటుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. ముందు దీపం దించి చూడాలి. దీపం ఆరితే మనిషీ ఆరిపోతాడు. తన తమ్ముణ్ణి తానే దీపం లేకుండా దించానని చెప్పి ముసలాయన ఆగిపోయాడు.

మౌనాచారి లేచాడు. వరసలో చివర ఉన్న నరసప్ప గడ్డపారను తీసి ముందు నిప్పులో పెట్టాడు.

అప్పటి నుంచి కొలిమి దగ్గర అదే పద్ధతి అయింది. ఎవరు తన తప్పు చెబితే వాళ్ళ గడ్డపారకు ముందు వంతు. చెప్పినవాణ్ణి నవ్వకూడదు. చెప్పినవాడి పేరు సంత దాటకూడదు. ఇసుకనేల గుంపు పెద్ద తిమ్మప్ప తన గుట్టు విప్పాడు. ఇసుక జారకుండా కందికట్టెలతో తడికలు అల్లి, తవ్వకముందే లోపలికి దిగగొట్టాలని చెప్పాడు. ఇంకొకరు మోకు ఎక్కడ తెగుతుందో చెప్పారు. ఇంకొకరు గోడకు చెమట పడితే ఏమవుతుందో చెప్పారు. ప్రతివారం సుంకులు తిత్తి ఊదుతూ ఒక్కొక్కరినీ అడిగేది, ఈ వారం నేల నీకేం చెప్పిందని. అందరూ చెప్పేవాళ్ళు. ఆమె మాత్రం తాను చూసిన చీమల మాట చెప్పలేదు. చెప్పాలని ప్రతి సంతకూ అనుకునేది. తిత్తి ఊదుతూ ఉండిపోయేది. జనం ఆమెను సుంకులక్క అనడం మొదలుపెట్టారు.

ఈ సంగతి కదిరప్ప చెవిన పడింది. తన గుంపువాళ్ళు కొలిమి దగ్గర కూర్చుంటే పనిలోంచి తీసేస్తానన్నాడు. ఒక సంతరోజు తానే వచ్చాడు. గడ్డపార మౌనాచారి చేతికిచ్చి, నిలబడే ఉన్నాడు. కూర్చున్నవాళ్ళందరినీ చూశాడు. "చెప్పిన పనితనం చిల్లికుండ. రేపు మీ ఇళ్ళల్లో పొయ్యి వెలగనప్పుడు తెలుస్తుంది" అన్నాడు.

సుంకులక్క తిత్తి ఆపి ఆయన మొహంలోకి చూసింది. కదిరప్ప చూపు తిప్పుకున్నాడు. మొన తీయక ముందే గడ్డపార తీసుకుని వెళ్ళిపోయాడు.

అలా మూడేళ్ళు గడిచాయి. ఆ మూడేళ్ళూ వాన లేదు. ఉన్న బావులు అడుగంటాయి. గుట్టకింద పల్లెవాళ్ళు కదిరప్ప కాళ్ళు పట్టుకున్నారు. ఆయన జాగా చూశాడు. అక్కడికి పది బారల దూరంలో ఎవరో ఎప్పుడో వదిలేసిన పాడుబావి ఉంది. ఉంటేనేం అన్నాడు. పల్లెలో పసిబిడ్డలకు గుక్కెడు నీళ్ళు లేవు, తొందరగా తవ్వాలి. తొందరగానే తవ్వించాడు. ఏడు మనిషి నిలువుల లోతుకు పోయారు.

ఒకరోజు పొద్దున్నే గోడ చూస్తానని కదిరప్ప ఒక్కడే దిగాడు. అడుగుకు చేరాడో లేదో, బావి లోపలి నుంచి బండి కూలబడినట్టు చప్పుడు వచ్చింది. దుమ్ము పైకి లేచింది.

ఆ రోజు సంత. పుల్లన్న పరుగెత్తుకుంటూ కొలిమి దగ్గరికి వచ్చాడు. మిగతా రెండు గుంపులవాళ్ళూ అక్కడే ఉన్నారు. మేస్త్రి బావిలో ఉన్నాడు, గొంతు వినిపిస్తోంది, తమ గుంపుకు ఏం చేయాలో తెలియడం లేదని చెప్పాడు.

ఎవరూ లేవలేదు. అందరూ సుంకులక్క వైపు చూశారు. మద్దిలేటి ఎలా పోయాడో, ఎవరు దాచితే పోయాడో అప్పటికి అందరికీ తెలుసు. ఆమె చేతిలో తిత్తి కర్ర అలాగే ఉంది. ఒక ఊపిరి, రెండు ఊపిరులు, మూడు ఊపిరులు. తర్వాత కర్ర వదిలేసి తిమ్మప్పను అడిగింది, కందికట్టె ఏ దొడ్లో దొరుకుతుందని.

వాళ్ళు చేరేసరికి పొద్దు బారెడు ఎక్కింది. బావిలో రెండు నిలువులు పూడిపోయింది. కింద ఎక్కడో పెద్ద గరుసు పెళ్ళ అడ్డంగా పడి ఆగినట్టుంది. గరుసంటే రాయి కాని రాయి, మట్టి కాని మట్టి. ఆ పెళ్ళ కింద కదిరప్ప. సన్నగా మూలుగు వస్తోంది. పుల్లన్న గుంపువాళ్ళు పైనుంచి తవ్వి చూశారు. తట్టెడు తీస్తే రెండు తట్టలు జారుతోంది. అది ఇసుక పొర.

తిమ్మప్ప మనుషులు తడికలు అల్లారు. ఒక్కొక్క తడికను గోడ వెంబడి దిగగొట్టారు. దిగగొట్టాకే తవ్వారు. ఇసుక తడిక వెనక ఆగింది. జానెడు దిగారు. బారెడు దిగారు. నిలువు దిగారు.

అప్పుడు లోపల తవ్వుతున్నవాడు గడ్డపార వదిలి గోడకు ఒరిగిపోయాడు. సుంకులక్కకు మోకు చెప్పింది. లాగమంది. లాగేసరికి వాడి పెదాలు నీలంగా ఉన్నాయి. నరసప్ప దీపం దించి చూశాడు. దీపం ఆరింది. పాడుబావిలోని చెడ్డగాలి ఈ బావిలోకి వస్తోంది.

కిందనుంచి మూలుగు ఆగింది. పైన గుంపులో ఒకామె శోకం మొదలుపెట్టబోతే నరసప్ప వారించాడు. మనిషి పోలేదు, గాలి పోయిందన్నాడు. వేపకొమ్మలు విరిచి పెద్ద మోపు కట్టించి, మోకుకు తగిలించి, కిందికీ పైకీ ఆడించాడు. కుండతో నీళ్ళు చల్లించాడు. ఆ నీళ్ళు పల్లెవాళ్ళు పిల్లల కోసం దాచుకున్నవి. అడక్కుండానే తెచ్చి ఇచ్చారు. మొదటిసారి దీపం ఆరింది. రెండోసారి ఆరింది. మూడోసారి నిలిచింది. కింద దగ్గు వినిపించింది.

పొద్దు వాలుతుండగా గరుసు పెళ్ళ బయటపడింది. బండిచక్రమంత ఉంది. దాని ఒక అంచు దక్షిణం వైపు మట్టికుప్ప మీద ఆనింది. ఇంకో అంచు ఉత్తరం గోడలో పొడుచుకొచ్చిన గుండు మీద ఆనింది. మనిషి తలకు మూడింతలుండే రాయి అది. పెళ్ళ పక్కన తట్ట పట్టేంత సందు. అందులోంచి కదిరప్ప చెయ్యి కనబడుతోంది. ఆయన కాలు పెళ్ళ అంచు కింద మట్టిలో కూరుకుపోయింది. గడ్డపారను గుండు మీద ఆనించి పెళ్ళను బొటనవేలంత ఎత్తితే చాలు. ఎవరైనా సందులో దూరి కాలు చుట్టూ మట్టి తియ్యాలి.

కదిరప్ప పక్కన ఆ సందులో ఇంకో మగవాడు పట్టడు. సుంకులక్క మోకును నడుముకు చుట్టుకుంది. ఆడది బావిలో దిగితే జల ఇంకిపోతుందని ఎవరో గొణిగారు. ఇంకడానికి ఇందులో జల ఉందా అన్నాడు తిమ్మప్ప. పుల్లన్న మోకు పట్టాడు. తిమ్మప్ప గడ్డపార తీసుకుని ముందుగా పెళ్ళ దగ్గరికి దిగాడు.

బతుకంతా గట్టు మీద మోకు పట్టిన మనిషి మొదటిసారి మోకు చివర దిగింది. పైన ఆకాశం తట్టంత అయింది. తడిక వెనక ఇసుక జలజలమంటోంది. ఆమె పొట్ట మీద పాకి సందులోకి తల పెట్టింది. చీకట్లో ఆయన ఊపిరి తగిలింది.

"మామా, నేను సుంకులును."

పెళ్ళ కింద నుంచి జవాబు వచ్చింది. "నిన్ను పంపినారా?"

"నేనే వచ్చినా. ఈ గోడ సంగతి నీకే తెలుసు. ఏం దాచినావు?"

"ఏమీ లేదు. ఎత్తమను."

తిమ్మప్ప గడ్డపార గుండు మీద ఆనించాడు. ఎత్తేదా అని అడిగాడు. సుంకులక్క కాలితో నేలను తట్టి ఆగమంది. ఆమెకు ఎందుకో ఆ జవాబు నచ్చలేదు. మోకు వదులైనప్పుడు చేతికి తెలిసేట్టే తెలిసింది.

"ఏం దాచినావు, మామా?"

నలభై ఏళ్ళలో ఎన్ని బావులు తవ్వానో నీకు తెలుసా అని ఆయన మొదలుపెట్టాడు. సగంలో దగ్గు వచ్చింది. పైనుంచి గుప్పెడు ఇసుక ఆమె వీపు మీద పడింది. ఇంకా ఆగితే తడిక నిలవదని తిమ్మప్ప మెల్లగా అన్నాడు.

మూడోసారి ఆమె వెంటనే అడగలేదు. మొహం మట్టికి ఆనించి, బావిలో ఉన్న ఇద్దరికీ వినబడేట్టు చెప్పింది.

"నేనొకటి దాచినా. మద్దిలేటి దిగిన పొద్దున ఆ చీమలను నేను చూసినా. గుడ్లతో సహా చూసినా. వానకేమో అనుకుని మోకు వదిలినా. మూడేళ్ళుగా అందరి చేతా చెప్పించినా గానీ, ఈ మాట నా నోట రాలేదు. ఇప్పుడు చెప్పినా. ఏం దాచినావు?"

ఇసుక జలజలమంది. తర్వాత కదిరప్ప గొంతు పసివాడి గొంతులా వచ్చింది.

"ఉత్తరం గుండు పగిలింది, అమ్మీ. నాలుగు దినాలైంది. పనిచేసే పిల్లోళ్ళు బెదురుతారని మట్టి మెత్తినా. దాని మీద బరువు పెట్టనీయొద్దు."

తిమ్మప్ప చెయ్యి గడ్డపార మీద ఉంది. గుండు మీద మెత్తిన మట్టిని గోటితో గీరాడు. లోపల పగులు వేలు దూరేంత ఉంది. గడ్డపారను మెల్లగా వెనక్కి తీసుకున్నాడు. దక్షిణం వైపుకు జరిగి, మట్టికుప్ప మీద పలక రాయి పరిచి, దాని మీద ఆనించాడు. ఊపిరి బిగబట్టి నొక్కాడు. పెళ్ళ బొటనవేలంత లేచింది.

సుంకులక్క గోళ్ళతో మట్టి తీసింది. గోళ్ళు విరిగాయి, వేళ్ళతో తీసింది. కాలు వదులైంది. తన నడుముకున్న మోకు విప్పి ఆయన చంకల కింద కట్టింది. మోకును మూడుసార్లు గుంజింది. పైన పుల్లన్న లాగాడు. కదిరప్ప సందులోంచి పైకి లేచాడు.

ఆమె సందులోంచి బయటికి పాకి, మళ్ళీ మోకు దిగేదాకా ఆ పెళ్ళ పక్కనే నిలబడింది. తిమ్మప్పను ముందు ఎక్కమంది. గడ్డపార వదిలితే పెళ్ళ కూర్చుంటుందని ఆయన ఎక్కలేదు. చివరికి ఇద్దరూ ఒకే మోకుకు వేలాడారు. వాళ్ళ కాళ్ళు నేలను వదలగానే ఉత్తరం గుండు రెండుగా విచ్చుకుంది. పెళ్ళ పడింది. తడికలు విరిగాయి. దుమ్ము వాళ్ళను మింగి, బావి అంచు దాటి పైకి వచ్చింది.

పుల్లన్న చేతిలో మోకు బిగిసింది. ఏమీ కనబడడం లేదు. మోకు వదులవుతుందేమోనని గట్టు మీద నలభై మంది చూస్తున్నారు. మోకు వదులు కాలేదు. లాగారు. లాగారు. లాగారు. ముందు తిమ్మప్ప తల వచ్చింది. ఆయన భుజాన్ని పట్టుకుని సుంకులక్క వచ్చింది. ఒళ్ళంతా మట్టి, కళ్ళు మాత్రం తెల్లగా ఉన్నాయి.

తర్వాతి సంతకు సుంకులక్క కొలిమి దగ్గరికి పోయి, చీమల మాట అందరి ముందూ మళ్ళీ చెప్పింది. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఓదార్చలేదు కూడా. ఆమెకు ముందు వంతు ఇద్దామంటే ఆమెకు గడ్డపార లేదు. మౌనాచారి లేచి వచ్చి ఆమె చేతిలోని తిత్తి కర్ర తీసుకున్నాడు. ఆ పూటంతా తానే ఊదాడు, ఆమెను కూర్చోమన్నాడు.

కదిరప్ప కాలు మళ్ళీ నిలవలేదు. రెండు నెలల తర్వాత ఆయన బండి మీద వచ్చాడు. ఇక ఎన్నడూ తవ్వలేని మనిషి, అయినా గడ్డపార తెచ్చుకున్నాడు. వరసలో చివర కూర్చున్నాడు. మొదటి వారం ఏమీ చెప్పలేదు. రెండో వారం పగిలిన గుండు సంగతి చెప్పాడు. మూడో వారం తాను దాచిన చీమల సంగతి, మద్దిలేటి పేరు ఎత్తి మరీ చెప్పాడు. క్షమించమని అడగలేదు. సుంకులక్క క్షమించానని అనలేదు. తిత్తి ఊదుతూనే ఉంది. కానీ నిప్పు బాగా ఎర్రబడ్డాక, ముందు ఆయన గడ్డపార పెట్టమని మౌనాచారికి కళ్ళతో చెప్పింది. ఆనాటి నుంచి నలభై ఏళ్ళ పనితనాన్ని కదిరప్ప వారం వారం విప్పి చెప్పాడు. ఆయన ఇంట్లో పొయ్యి ఆరలేదు. ఎవరింట్లోనూ ఆరలేదు.

సుంకులక్క ఇంకా చాలా కాలం బతికింది. ముసలితనం వచ్చి, జ్వరం వచ్చి, మూడు రోజులు పడుకుని పోయింది. అందరూ పోయేట్టే పోయింది. ఆమెను పూడ్చడానికి గుంత తవ్వే వంతు ఎవరిదని మూడు గుంపులూ పోట్లాడుకుని, చివరికి మూడు గుంపులూ కలిసి తవ్వాయి. గుడి కట్టలేదు, రాయి పాతలేదు. బావులు తవ్వేవాళ్ళు ఒక చోట ఉండే మనుషులు కారు కదా, రాయి పాతితే దాన్ని చూసేదెవరు.

కానీ ఆ సీమలో ఇప్పటికీ బావి తవ్వే చోటికి పొద్దున్నే పోయి చూడండి. మోకు నడుముకు కట్టుకున్నాక మనిషి వెంటనే దిగడు. గట్టు మీద మోకు పట్టినవాళ్ళు అడుగుతారు, ఏం దాచినావని. రాత్రి కల్లు ఎక్కువైందనో, నిన్న గోడలో పగులు చూశాననో, ఉన్నది చెబుతాడు. చెప్పడానికి ఏమీ లేకపోతే, "ఏమీ దాచలేదు, సుంకులక్కా" అంటాడు. అప్పుడే మోకు వదులుతారు. మోకు పట్టింది కన్నతండ్రైనా, పక్కూరి మనిషైనా, గుబురు మీసాల మొనగాడైనా సరే, మోకు చేతిలో ఉన్నంతసేపూ అతని పేరు సుంకులక్కే. అలా పిలిచినందుకు ఇంతవరకూ ఏ మగవాడూ నవ్వలేదు.